తొక్కని చోటు

ఫ్రిజ్ తలుపు తెరవగానే ఉమామహేశ్వరికి ముందు చేపల పులుసు వాసన కొట్టింది. చల్లగాలి ఆ తరవాత తగిలింది, అదీ అంతంతమాత్రంగానే.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుకి ఉన్నది ఆ ఒక్క ఫ్రిజ్జే. పై అరలో ఇంజక్షన్లు. మధ్య అరలో నర్సుల టిఫిన్ డబ్బాలు, పెరుగు గిన్నె, సగం కోసి మూతపెట్టిన మామిడిపండు. కింద అరలో ఎవరిదో పెద్ద కూల్‌డ్రింక్ సీసా, ఇంకెవరిదో కరివేపాకు కట్ట. తల్లులు పిండి ఇచ్చిన పాలకి మిగిలింది తలుపుకున్న అర. ఇళ్లల్లో మంచినీళ్ల సీసాలు పెట్టుకునే చోటది. తలుపు తీసినప్పుడల్లా ముందు వేడెక్కేది అదే. జంషెడ్‌పూర్‌లో మే నెల వేడి ఎలాంటిదో ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, లేనివాళ్లకి చెప్పినా నమ్మరు. రోజంతా ఎవరో ఒకరు మంచినీళ్లకో మామిడిముక్కకో ఆ తలుపు తీస్తూనే ఉంటారు.

సింకు దగ్గర తనుశ్రీ నిలబడి ఉంది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. చేతిలో ఉన్న చిన్న స్టీలు గిన్నెని సింకులోకి వంచి కొళాయి తిప్పింది. పక్కన అలాంటివే ఇంకొన్ని గిన్నెలు బోర్లించి ఉన్నాయి.

"ఎవరివే ఆ పాలు?"

"పతా నహీ దీదీ. నామ్ మిట్ గయా." పేరు ఎలా చెరిగిపోయిందో చూపించడానికి తనుశ్రీ గిన్నె పైకెత్తింది. అంటించిన తెల్ల ప్లాస్టరు మీద జెల్ పెన్నుతో రాసిన అక్షరాలు చెమ్మకి కరిగి నీలంగా అలుక్కుపోయాయి. "ఎవరివో తెలీకుండా ఎవరికని పడతాం? మేడమ్ పారబోసేయమన్నారు."

తప్పు పట్టడానికి లేదు. ఒక తల్లి పాలు ఇంకొక తల్లి బిడ్డకి పొరపాటున కూడా పోకూడదు. నిజమే. కానీ పేరు నిలిచేలా రాయడం చేతకాని వాళ్లు ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని, పూటపూటా పాలు సింకులో పోసి, పిల్లలకి పొడి పాలు కలిపి పట్టేస్తున్నారు. తల్లులకి ఒక్క మాట చెప్పరు. వాళ్లు పక్కగదిలో స్టూళ్ల మీద కూర్చుని, మణికట్లు లాగేస్తుంటే మళ్లీ పిండుతూనే ఉంటారు. ఆ సంగతి తలుచుకుంటేనే ఉమకి ఒళ్లు మండేది. మండేది గానీ నోరు లేచేది కాదు. ఆ మాటకొస్తే ఆ మధ్య అరలోని డబ్బాల్లో తనదీ ఒకటి.

"ఓలమ్మా! తూములో పోసేత్తన్నారేటే తల్లీ!"

ఇద్దరూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. గుమ్మంలో నూకమ్మ. పర్సుడీహ్ బజారులో కూరలమ్ముతుంది. ఆమె కోడలు బిందుప్రియకి ఏడో నెల్లోనే ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల లోపల అద్దాల పెట్టెలో ఉంది, ముక్కులోంచి పొట్టలోకి వేసిన సన్నటి గొట్టంతో. కోడలు అప్పుడే పిండిన పాలగిన్నెని నూకమ్మ కొంగు చాటున పెట్టుకుని, దిష్టి తగలకుండా తెచ్చింది.

"రొమ్ము పాలమ్మా అవి! తొక్కే సోట పొయ్యకూడదని మీకెవులూ సెప్పనేదా? మిగిలిపోతే పచ్చటి మొక్క మొదల్లో పోత్తారు గానీ, మురిక్కాలవలో పోత్తారేటి? తల్లికి పాలెండిపోతే ఆ పసిగుంటకి మీరిత్తారా?" అంటూ ఆమె లోపలికి వచ్చేసింది. బోర్లించిన గిన్నెల్ని ఒక్కొక్కటే తిప్పి చూసింది. అన్నీ ఒకలాంటివే, ఆసుపత్రివి. "వీటిల్లో మా కోడలివి ఉన్నాయా? ముందు అది సెప్పండి."

ఉమ తనుశ్రీ వంక చూసింది. తనుశ్రీ నేల చూసింది. ఉన్నాయో లేవో ఆ గదిలో ఎవరికీ తెలియదు. అన్నిటికంటే సిగ్గుచేటైన సంగతి అదే.

గోల విని వార్డు ఇన్‌ఛార్జి గౌరీదేవి వచ్చింది. ఆమెది పర్లాకిమిడి వైపు. తెలుగు బాగానే వచ్చు, కోపం వచ్చినప్పుడు మాత్రమే మాట్లాడుతుంది. "పాడైపోయిన పాలమ్మా అవి. పాడైనవి పారబొయ్యక పూజలో పెట్టుకుంటామా?"

"తెల్లారి పిండినవి పొద్దెక్కకుండా పాడైపోనాయా? మరా పిరిజ్జీ ఎందుకు, సేపలు దాసుకోడానికా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. గౌరీదేవి ముఖం ఎర్రబడింది. "ఇది ఆసుపత్రి, మీ వాడ కాదు. మా అమ్మా చెప్పేది ఇలాంటివి, మొక్కలూ మొదళ్లూ అని. గార్డ్! ఇన్‌కో బాహర్ కరో." గార్డు వచ్చి నూకమ్మ మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె వెళ్తూ వెళ్తూ, చేతిలో ఉన్న గిన్నెని వీళ్లకి ఇవ్వాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. చివరికి గౌరీదేవికీ తనుశ్రీకీ కాకుండా ఉమ చేతిలో పెట్టింది.

"నువ్వు మన గోల్‌మురి తెలుగోల అమ్మివి. నీకు తెలీదా?" అంది.

తెలుసు. తెలిసీ నోరు మూసుకుని నిలబడింది. ఆ కోపం గౌరీదేవి మీదో తన మీదో ఉమకి తేలలేదు. గిన్నెకి కొత్త ప్లాస్టరు అంటించి, మందుల ట్రేలో ఉన్న పెన్సిలు తీసి బిందుప్రియ పేరు నొక్కి నొక్కి రాసింది. పెన్సిలు గీత తడికి కరగదు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ తట్టనందుకు ఇంకాస్త మండింది.

*

పక్కగదికీ వార్డుకీ మధ్య ఉన్నది పలచటి చెక్క గోడ. నూకమ్మ అరుపులన్నీ తల్లులు విన్నారు. తెలుగు రానివాళ్లకి వచ్చినవాళ్లు చెప్పారు.

మధ్యాహ్నం బిందుప్రియ గిన్నె పట్టుకుని కూర్చుంది. ఇరవై ఏళ్లు నిండీ నిండని పిల్ల. మొగుడు పైడిబాబు ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కార్ఖానాలో లేత్ మిషను మీద పని చేస్తాడు. మొదటినుంచీ ఆమెకి పాలు అంతంతమాత్రమే. గిన్నె అడుగు కనపడకుండా అయితే చాలు, ఏదో సాధించినట్టు తలెత్తి నవ్వేది. ఆ వేళ ఎంత పిండినా చుక్క రాలేదు. ఉమ వేడినీళ్లలో తడిపిన గుడ్డ పిండి కాపడం పెట్టింది. వీపు రాసింది. ఇటు కాకపోతే అటు చూద్దామంది. రొమ్ము రాయిలా ఉంది గానీ పాలు దిగలేదు.

"తూములో పోసినారు కదక్కా. ఎండిపోనాయి," అంది బిందుప్రియ మెల్లిగా.

"అదేం కాదే. భయపడ్డావు. భయపడితే పాలు దిగవు. రేపటికి వచ్చేస్తాయి చూడు."

పిల్ల తల ఊపింది, నమ్మకుండా. ఉమకి తెలుసు, ఇది శాపం కాదు, బెదురు. డాక్టర్లూ అదే చెప్తారు. కానీ శాపమైతేనేం, బెదురైతేనేం, గిన్నె మాత్రం ఖాళీ. బెదిరించింది ఎవరు?

పొద్దున్న నూకమ్మ ఇచ్చిన గిన్నె ఒక పూటకే సరిపోయింది. తరవాత పాపకి సిరంజితో గొట్టంలోంచి పొడి పాలు పోశారు. మర్నాడు ఉమ డ్యూటీకి వచ్చేసరికి పాప పొట్ట ఉబ్బి, చర్మం బిగిసి మెరుస్తోంది. డాక్టరు వచ్చి వేలితో తట్టి చూసి పాలు ఆపించి సెలైను పెట్టించాడు. చిన్న ప్రాణానికి పొడి పాలు పడటం లేదనీ, పొట్ట తగ్గాక తల్లి పాలే మొదలుపెట్టాలనీ, మళ్లీ ఇవే పోస్తే పేగుల మీదికి రావచ్చుననీ చెప్పి వెళ్లిపోయాడు. తల్లి పాలు ఎక్కడినుంచి వస్తాయో చెప్పడం ఆయన పని కాదు.

ఉమ నేరుగా ఇన్‌ఛార్జి గదిలోకి వెళ్లింది. "మేడమ్, ఆ ఫ్రిజ్‌లోంచి తిండి తీయించేయండి. పాలు లోపలి అరలో, వెనకగా పెడదాం. పాతవి ముందు వరసలో, కొత్తవి వెనక. పేర్లు పెన్సిలుతో రాద్దాం."

"తిండి తీసేస్తే మన నర్సు పిల్లలు టిఫిన్లు ఎక్కడ పెట్టుకుంటారు? ఈ ఎండకి మధ్యాహ్నానికల్లా అన్నం పాచిపోతుంది. నర్సులు మనుషులు కారా?" గౌరీదేవి అన్నదాంట్లో అబద్ధం లేదు. "ఇంకో ఫ్రిజ్ కావాలని అడిగీ అడిగీ నా నోరు పడిపోయింది. ఇవ్వరు."

"డాక్టర్ల గదిలో ఒకటి ఉంది కదా."

"వెళ్లి అడుగు మరి. నర్సులు మీ ఫ్రిజ్‌లో చద్దన్నం పెట్టుకుంటారట అని చెప్పు. నా కళ్లతో చూడాలనుంది." గౌరీదేవి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఉమా, నువ్వు మంచిదానివే. కానీ ఒక పిల్లకి పొట్ట ఉబ్బిందని వార్డంతా తలకిందులు చెయ్యలేం."

ఉమ వచ్చి తన డబ్బా తీసి బయట బల్ల మీద పెట్టింది. మధ్య అర వెనక భాగం ఖాళీ చేసి గిన్నెల్ని అక్కడికి మార్చింది. భోజనాల వేళ దాటాక చూస్తే గిన్నెలన్నీ మళ్లీ తలుపులోనే ఉన్నాయి. వాటి చోట్లో ఎవరిదో పుచ్చకాయ ముక్క. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆ ముక్కని తీసుకెళ్లి ఎవరి మొహాన కొట్టాలో తెలియక, ఉమ తలుపు ధడాలున వేసింది.

సాయంత్రం నూకమ్మ మళ్లీ వచ్చింది. గార్డు అడ్డుకుంటే గుమ్మం బయటే చతికిలబడింది. ఈసారి అరవలేదు. గౌరీదేవి అటుగా వచ్చినప్పుడు చేతులు జోడించింది.

"మీరు పాడైపోనాయంటే పాడైపోనాయే, నానడగను. కానీ తూములో పొయ్యొద్దమ్మా, నీ కాళ్లు పట్టుకుంతాను. పారబొయ్యాల్సినవి మాకిచ్చియ్యండి. ఏ తల్లివి ఆ తల్లి చేతిలో ఎట్టండి. మేవే ఎల్లి మొక్క మొదల్లో పోసుకుంతాం."

చుట్టూ నాలుగు కుటుంబాల వాళ్లు నిలబడి చూస్తున్నారు. గౌరీదేవికి ఈ రభస తేలిపోతే చాలు. "సరే. అంతేగా? ఉమా, తనుశ్రీ, వింటున్నారా? రేపటినుంచి పారబోసే పాలు సింకులో పొయ్యొద్దు. తీసుకెళ్లి తల్లుల చేతికి ఇచ్చేయండి. వాళ్లు పోసుకుంటారో, పూజే చేసుకుంటారో." ముష్టి వేసినట్టు అంది. ఇచ్చింది ఏమిటో ఆమెకి అప్పటికి తెలియదు, ఉమకీ తెలియదు.

*

మర్నాడు పొద్దున్న తలుపు అరలో ఉన్న గిన్నెల్లో చాలావాటికి పేర్లు లేవు. ఉమ లేనప్పుడు పెట్టినవి. పెన్సిలు పక్కనే ఉన్నా జేబులో పెన్నే చేతికి వస్తుంది. తనుశ్రీ ఆ గిన్నెలు ట్రేలో పెట్టుకుని తల్లుల గదిలోకి వెళ్లింది. ఉమ వెనకే గుమ్మం దాకా వెళ్లింది.

"యే దూధ్... పారబొయ్యాలి," అంది తనుశ్రీ హిందీ తెలుగు కలిపి. "మేడమ్ మీకే ఇచ్చెయ్యమన్నారు."

"కిస్‌కా హై?" అని అడిగింది ఒకామె. ఎవరివని.

తనుశ్రీ ట్రే కొంచెం వంచి, నీలంగా అలుక్కుపోయిన ప్లాస్టర్లు చూపించింది. గదిలో ఉన్న ఆడవాళ్లంతా లేచారు. బీహారు ఆమె లేచింది, సంతాల్ పిల్ల లేచింది, గోల్‌మురి నుంచి వచ్చిన తెలుగావిడ లేచింది. ఎవరూ అరవలేదు. ట్రే చుట్టూ చేరి గిన్నెల్లోకి తొంగి చూశారు. ఇది నాదేమో, ఇంత నేనే పిండాను కదా అన్నట్టు, ఒకామె గిన్నెని కొంచెం వంచి చూసుకుంది. ఇంకొకామె ట్రేని కాకుండా తనుశ్రీ మొహాన్ని చూస్తూ నిలబడింది. మొన్న నూకమ్మ అరుపులు విన్నాక కూడా, పారబోసేది ఏ ఒకటో రెండో గిన్నెలేనని వాళ్లు అనుకున్నారు.

"రోజూ ఇంతనా?" అని అడిగింది సంతాల్ పిల్ల హిందీలో.

తనుశ్రీ ట్రే అక్కడే స్టూలు మీద పెట్టేసి బయటికి వచ్చేసింది. మందుల గదిలో గోడవైపు తిరిగి ఏడ్చింది. "ముఝ్‌సే నహీ హోగా దీదీ. నా వల్ల కాదు. సింకులో అయితే... సింకులో అయితే ఏమీ అనిపించేది కాదు."

"అవునే. అదే మన జబ్బు," అంది ఉమ. ఓదార్చాలని కూడా అనిపించలేదు.

ఎవరివో తెలియని పాలన్నీ నూకమ్మే ఒక టిఫిను గిన్నెలోకి వంచుకుంది. ఆసుపత్రి వెనక, సైకిల్ స్టాండు పక్కన ఇటుకల కంచె కట్టిన వేపమొక్క ఉంది. ఆమె వెనకే తల్లులు ఒకరిద్దరు కుట్లు నొప్పెడుతున్నా గోడ పట్టుకుని నడిచారు. ఇటుకల సందులోంచి మొదలు మీద పాలు పోసి, నూకమ్మ అరిచెయ్యి తడిమట్టికి ఆనించి కళ్లకద్దుకుంది. సైకిళ్ల కాపలావాడు ఇదేం పూజని అడిగితే, "పూజ కాదు నాయనా, పిల్లల నోటికాడ కూడు," అంది. సాయంత్రానికి ఆ మాట లిఫ్టు నడిపేవాడి దాకా పాకింది.

తిరిగొచ్చి కోడలి పక్కన కూర్చుంది. "పోసొచ్చినానే. పచ్చటి మొక్క. తొక్కే సోటు కాదు. ఇంకేటీ బయం నేదు." బిందుప్రియ అత్త చెయ్యి వాసన చూసింది, నిజమో కాదో తేల్చుకోడానికన్నట్టు. దీపాలు పెట్టే వేళకి ఆమె రొమ్ములోంచి పల్చటి పాలు నాలుగు బొట్లు దిగాయి. మరి కాసేపటికి గిన్నె అడుగు కనపడలేదు. ఉమ పేరు పెన్సిలుతో రాసి, ఈసారి ఎవరి డబ్బా అడ్డొచ్చినా పక్కకి నెట్టి, మధ్య అర వెనక్కి తోసింది. పాప పొట్ట తగ్గుతోంది. పొద్దున్న డాక్టరు వచ్చి సరేనంటే ఇవే మొదటి పాలు.

డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ ఉమ దారిలో ఒంటరిగా నవ్వుకుంది. ఆ నవ్వు తెల్లవారే దాకానే.

పొద్దున్న వచ్చేసరికి ఫ్రిజ్ తలుపు ఓరగా ఉంది. కింద అరలో కొత్తగా అడ్డం పెట్టిన ఇంకో పెద్ద కూల్‌డ్రింక్ సీసా మూతి బయటికి పొడుచుకొచ్చి తలుపు పడనివ్వలేదు. లోపలి గోడలు చెమటలు కక్కుతున్నాయి. ఉమ గిన్నె మూత తీసి వాసన చూసింది. పులిసింది. పేరు మాత్రం చెక్కుచెదరలేదు. బిందుప్రియ.

"ఎవరిదీ సీసా?" అని అడిగింది. నర్సులంతా తలొక పనీ వెతుక్కున్నారు. గౌరీదేవి వచ్చి సీసా వంక ఒకసారి, గిన్నె వంక ఒకసారి చూసింది. అది ఆమె సీసాయే. నిన్న సాయంత్రం కొడుకు పుట్టినరోజని తెచ్చి, తీసుకెళ్లడం మరిచిపోయింది.

"తనుశ్రీ, తీసుకెళ్లి ఇచ్చెయ్యి," అంది.

"నేను ఇవ్వను మేడమ్." ఆ పిల్ల తెలుగులో అంత గట్టిగా మాట్లాడటం ఉమ ఎప్పుడూ వినలేదు. "ఉద్యోగం తీసేసినా ఇవ్వను."

గౌరీదేవి ఉమ వైపు తిరిగింది. ఉమ చేతులు వెనక్కి కట్టుకుంది. ఇన్నాళ్ల కోపం ఆ కట్టుకోవడంలో ఉంది. మీరు పెట్టిన రూలే కదా, మీరే మొయ్యండి అని పైకి అనలేదు గానీ, అన్నట్టే నిలబడింది.

గౌరీదేవి గిన్నె పట్టుకుని తల్లుల గదిలోకి నడిచింది. బిందుప్రియ లేచి నిలబడి రెండు చేతులా అందుకుంది. మూత తీసి చూసింది. ఏడవలేదు, అరవలేదు.

"నా పాలు మంచివి కావా మేడమ్?" అని అడిగింది. "పాపకి పనికిరావా? నానేటైనా తినకూడనిది తిన్నానా?"

అవునమ్మా అనేస్తే సరిపోయేది. ఇన్నేళ్లుగా అందరికీ చెప్పిన మాటే. పాడైపోయాయి, అంతే. గుమ్మంలో నిలబడ్డ ఉమ ఆ మాట కోసమే ఎదురుచూసింది. ఆమె అలా అంటే ఈసారి నోరు విప్పుదామని, పీక మీద కత్తి పెట్టినా ఊరుకోకూడదని పళ్లు బిగించి ఉంది. ఆ పిల్ల మాత్రం గౌరీదేవి మొహంలోకి చూస్తూనే ఉంది. ఏం తప్పు చేశానో చెబితే దిద్దుకుంటానన్నట్టు ఉంది ఆ చూపు.

"నీ పాలు బంగారం," అంది గౌరీదేవి. "ఫ్రిజ్ తలుపు పడలేదు. నా సీసా అడ్డం పడింది. నీ తప్పేం లేదు. నాది."

ఆ తరవాత ఆమె మందుల గదిలోకి వచ్చి చేసిన పని వార్డులో చాలాకాలం చెప్పుకున్నారు. ఫ్రిజ్ తెరిచి డబ్బాలు, పెరుగు, పుచ్చకాయ, చేపల పులుసు అన్నీ బల్ల మీదికి లాగింది. కూల్‌డ్రింక్ మూత తీసి సీసా మొత్తం సింకులో గుమ్మరించింది. "ఈ డబ్బాలు డాక్టర్ల గదిలో ఫ్రిజ్‌లో పెట్టండి. ఎవరైనా ఏమిటని అడిగితే గౌరీదేవి పెట్టించిందని చెప్పండి. నా దగ్గరికి పంపండి, మాట్లాడతాను. ఉమా, పెన్సిళ్లు ఎక్కడున్నాయి?"

ఉమకి ఆమె మీద జాలి కలగలేదు. ఇంత సులువైన పనికి ఇన్నాళ్లు పట్టిందే అని ఇంకా మండుతూనే ఉంది. మండుతూనే సోడా నీళ్లలో గుడ్డ తడిపి ఫ్రిజ్ అరలు తుడిచింది.

*

ఆ వేళ మధ్యాహ్నానికి బిందుప్రియ మళ్లీ పిండింది, ముందటికంటే కొంచెం ఎక్కువే. డాక్టరు సరేనన్నాడు. గిన్నె ఫ్రిజ్ దాకా కూడా పోలేదు, నేరుగా పాప దగ్గరికే వెళ్లింది. మర్నాడు పిండినవి లోపలి అరలో, వెనకగా చల్లగా కూర్చున్నాయి. మూతల మీద పేర్లన్నీ ఉన్నాయి.

సాయంత్రం నూకమ్మ అలవాటు చొప్పున ఖాళీ టిఫిను గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇప్పుడు గార్డు ఆపడం మానేశాడు.

"ఇయ్యాల్టివి ఏవీ? తెండి, పోసొత్తాను."

"ఇవాళ ఏమీ లేవు పిన్నీ," అంది ఉమ. చెప్తుంటే గొంతులో సంతోషం దాగలేదు. "ఒక్క చుక్క కూడా పారబొయ్యలేదు."

నూకమ్మ ముఖం విప్పారుతుందనుకుంది. విప్పారలేదు. ఆ ముసలి కళ్లు ముందు ఉమని, తరవాత తనుశ్రీని, ఆ తరవాత సింకుని చూశాయి. నూకమ్మ వెళ్లి సింకు అంచు మీద వేలు రాసి వాసన చూసుకుంది. ఫ్రిజ్ తలుపు తానే తెరిచి, ఒక్కొక్క గిన్నె మీదా వేలు పెట్టి, తనకి చదవడం రాదు కాబట్టి, ఇదెవులిది, ఇదెవులిది అని అడిగింది. ఉమ ఒక్కొక్క పేరూ చదివింది. ఆసుపత్రిలో ఎవరూ బయటివాళ్లని ఫ్రిజ్ తెరవనివ్వరు. గౌరీదేవి కుర్చీలోంచి చూసి, మళ్లీ తన కాగితాల్లో తల పెట్టింది.

"పదండి, చూపిస్తాను," అని ఉమ ఆమె చేతులు కడిగించి, పాప దగ్గరికి తీసుకెళ్లింది. బిందుప్రియ పిండిన పాలు ఉమ చెంచాడు సిరంజిలో పోసి, గొట్టానికి తగిలించి పైకెత్తి పట్టుకుంది. పాలు తమంతట తామే, తొందర లేకుండా కిందికి దిగుతున్నాయి. నూకమ్మ అద్దానికి ముక్కు ఆనించి, సిరంజి ఖాళీ అయ్యేదాకా రెప్పవెయ్యకుండా చూసింది. పాప నిద్రలోనే నోరు చప్పరించింది.

"బాగుంది," అంది నూకమ్మ. ఖాళీ గిన్నె మూత బిగించి చంకలో పెట్టుకుంది. "నువ్వు మంచిదానివే అమ్మీ. కానీ నాను మిమ్మల్ని నమ్మను. రేపూ వత్తాను. మా గుంటని ఇంటికి తీసుకెల్లినాక కూడా వత్తాను, ఆ సంతాలు పిల్లకి ముసిలోలెవులూ నేరు. గిన్ని పట్టుకుని వచ్చి, ఏవీ పాలు, అని అడుగుతాను."

"రండి పిన్నీ," అంది ఉమ. "రోజూ వచ్చి అడగండి."